ఏడో నెల లైవ్

ఎర్ర చుక్క వెలిగింది, ఇంక పన్నెండు దాకా నేను సంతోషంగా ఉండాలి. ఆదివారం, పదకొండు గంటలు, బయట మా పీలమేడు వీధిలో ఎండ, లోపల ఏసీ చలి, ముందర మూడు లైట్లు, రెండు ఫోన్లు, ఒక కెమెరా. మధ్యలో నీళ్ళు తాగొచ్చు గానీ గ్లాసు మీద వేరే కంపెనీ పేరేదీ కనిపించకూడదు, పోయిన నెల నా మొగుడు హరి కాఫీ తాగిన కప్పు మీద ఏదో సిమెంటు కంపెనీ ఏనుగుబొమ్మ ఉండిందని సింగపూర్ నుంచి మెయిల్ వచ్చింది, అంత పట్టిపట్టి చూస్తారు ఆ గేమ్ కంపెనీవాళ్ళు, కప్పు మీది ఏనుగు కనిపించింది వాళ్ళకి, పట్టుచీర కింద నేను కట్టుకున్న రబ్బరు పొట్ట కనిపించలేదు, కనిపించినా మాకెందుకులే అనుకుని ఉంటారు, వాళ్ళు కొనుక్కున్నది నవ్వే మొగుడు, నవ్వే పెళ్ళాం, ఆరు నెలలు, ఆరు లైవ్‌లు, ఇది ఆరోది, కడపటిది. నా పక్కన పీట మీద కూర్చుని ఉన్న మా అత్త సౌందరానికి కూడా తెలీదు. తిరుమంగళం నుంచి మొదటి బస్సు పట్టుకుని, మదురైలో బస్సు మారి, సింగానల్లూరులో దిగి, రెండు చేతులా సంచులతో ఆటోలో వచ్చింది, ఎర్రవీ పచ్చవీ గాజులు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, ఐదు డబ్బాల్లో ఐదు రకాల అన్నాలు, ఏడో నెల కోడలికి వళైకాప్పు చేయడానికి, రెండు చేతులకూ నిండా గాజులు తొడగడానికి, కడుపులో ఉండే బిడ్డకు ఆ గాజుల చప్పుడు వినపడాలంట, వినేదానికి లోపల ఎవరూ లేరు.

"వణక్కం మక్కళే, ఇవాళ మా ఇంట్లో పండగ" అని హరి అరవంలో మొదలుపెట్టాడు, గొంతు ఒక మెట్టు పైకెత్తి, చేతులు జోడించి. ఈ గొంతు నాకు ఇప్పటికీ ఇష్టం. కెమెరా ఆగినాక వచ్చే గొంతులో "ఛార్జర్ యాడ పెట్టినావు", "అన్నం ఉండాదా" తప్ప నాలుగు నెలలుగా వేరే మాటల్లేవు, అందుకే నా మొగుడు హరిహరన్ ఎట్లా మాట్లాడతాడో నేను కూడా లైవ్‌లోనే వింటున్నాను, లక్షమందితో పాటు. ముందు ఇట్లా లేదు. లాక్‌డౌన్‌లో అతను పంపుసెట్లు అమ్మే పని లేక ఇంట్లో పడుండి ఫోన్లో యుద్ధాల ఆట ఆడుతుంటే, నేను పక్కనే నా ఆఫీసు పని చేసుకుంటూ, అతను చచ్చిన ప్రతిసారీ మన తెలుగులో తిట్టేదాన్ని, మైకు ఆపడం మరిచిపోయాడు, ఆ తిట్లు విని ఎవరో అడిగారు, అక్కా అది ఏం భాష అని. మా ఇంటి తెలుగు అది. ఎన్ని వందల ఏళ్ళ కింద ఇటు వచ్చామో మాకే సరిగ్గా తెలీదు, ఆంధ్రావాళ్ళు మా మాట వింటే నవ్వుతారు, అరవవాళ్ళకి అర్థమే కాదు, పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప దాంతో పనేముందని అనుకునేదాన్ని, అదే మాకు అన్నం పెట్టింది. "మామా గోపి" అని చానల్ పెట్టాం, నేను అతన్ని మామా అంటాను, అతను నన్ను గోపీ అంటాడు, గోపిక అని పూర్తిగా పిలిచింది మా అమ్మ ఒక్కతే, ఆమె లేదు. ఆడుతూ ఆడుతూ మధ్యలో తెలుగులోకి దిగి గుసగుసలాడుకుంటాం, సీక్రెట్ భాష అని పేరు పెట్టారు చూసేవాళ్ళు, అక్క ఏమంది అన్నా, చెప్పన్నా అని బతిమాలతారు, హరి ఎప్పుడూ తప్పుగా చెప్తాడు. నేను "నీ మొహం చూడాలంటే అసహ్యంగా ఉండాది" అంటే "నా మొహం సినిమా హీరో మాదిరి ఉందంట" అంటాడు, హృదయాలు రాలతాయి తెర మీద. మొదట్లో అది నిజంగా సరసమే. ఎప్పుడు నిజంగా అసహ్యమైందో, ఏ వీడియోలోనో వెతికితే తేదీతో సహా దొరుకుతుందేమో.

అత్త మొదటి గాజు తీసింది. నూనె రాసింది నా మణికట్టుకి, మెత్తగా, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఎర్ర గాజు ఎక్కించింది. కెమెరా వైపు చూడకూడదని ఆమెకు చెప్పాం, అయినా చూస్తుంది, చూసి సిగ్గుపడుతుంది, చాట్‌లో పాటీ పాటీ అని అవ్వ మీద ప్రేమ కురుస్తోంది. అరవయ్యో ఏట స్టారయింది. మంచిదే అత్త, చెడ్డది అని ఎవరితోనూ చెప్పలేను, అదే కష్టం. నాలుగేళ్ళ కింద తిరుమంగళంలో మా ఆడబిడ్డ మేనకకు వళైకాప్పు, యాభై మంది ఆడవాళ్ళు, అందరూ వరసగా వచ్చి గాజు తొడుగుతున్నారు, నేనూ ఒక పచ్చగాజు తీసుకుని ముందుకు పోయాను, అత్త నా చెయ్యి పట్టుకుంది, ఇంతే మెత్తగా, "నువ్వు వద్దు అమ్మణి, బిడ్డలు కన్నవాళ్ళు తొడగనీ, నీకేమి, వచ్చే ఏడు నీకే చేద్దాం" అంది. నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. ఆ గాజు ఏం చేయాలో తెలీక చేతిలోనే పట్టుకుని వంటగది దాకా వెళ్ళి, చెంబుల వెనక పెట్టి వచ్చాను, తరవాత బంతిలో కూర్చుని పాయసం రెండుసార్లు వేయించుకుని తిన్నాను, ఏడుస్తున్నానని ఎవరూ అనుకోకూడదని. యాభై మంది ముందర నవ్వగలిగినదాన్ని, లక్షమంది ఏం లెక్క.

హరి ఆట మొదలుపెట్టాడు. జోడీ ఫార్మ్, ఫోన్లో ఇద్దరు కలిసి ఆడేది, ఒకరు దున్నాలి, ఒకరు ఇల్లు కట్టాలి, ఒకరు ఆపేస్తే రెండోవాళ్ళ పంట ఎండిపోతుంది, ఇంతకంటే ఏమీ లేదు దాంట్లో. "గోపీ, నీళ్ళు వదులు" అంటున్నాడు, బొటనవేలితో కాలువ తెరిచాను, గాజుల చెయ్యి కెమెరాకి కనపడేలా. ఈ ఒప్పందం తెచ్చింది చెన్నైలో ఏజెన్సీ నడిపే చారులత మేడం. ఒక్క లైవ్‌కి నా ఆఫీసు ఏడాది జీతం కంటే ఎక్కువ. ఒప్పందం నడిచినన్నాళ్ళు ఇంటి పరువు కాపాడాలి, కొట్లాట కనపడకూడదు, కంపెనీ ఒప్పుకున్న వీడియో మేము ఆపితే రెండింతలు కట్టాలి. ఆ మేడం మాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, ఒక్కసారి గొంతు పెంచలేదు. మొదటి లైవ్ అయిన వారానికి నాకు నెల తప్పిందని తెలిసింది, ఆరేళ్ళకు. చెప్పగానే ఆమె నిజంగా సంతోషపడింది, "దేవుడి టైమింగ్ గోపికా, ఆటలో ఊయల అప్‌డేట్ వస్తోంది, జోడీకి బిడ్డ పుట్టే అప్‌డేట్" అంది. తొమ్మిదో వారంలో వీడియో తీశాం. స్కాన్ కాగితం చేతిలో పట్టుకుని నేను, తెలియనట్టు వచ్చి హరి, తెలిసినవాడే, అయినా కెమెరా ముందు కూలబడి ఏడ్చేశాడు, నటన కాదు, రెండో టేక్ తీయలేదు. సింగపూర్‌కి పోయింది, ఒప్పుకున్నారు, గురువారం అని తేదీ పెట్టారు. ఆ గురువారానికి మూడు రోజుల ముందు అవినాశి రోడ్డు ఆస్పత్రిలో స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ మాటలు ఆపేసి తెర అటువైపు తిప్పుకుంది. అంతే. తెర తిప్పుకోవడమే. మిగతాదంతా ఒక మధ్యాహ్నంలో అయిపోయింది, నేను నిద్ర లేచేసరికి శుభ్రం చేసేశారు.

వార్డులో హరి నేల మీద కూర్చున్నాడు, నా మంచం కోడు పట్టుకుని. "వద్దు గోపీ. చెప్పేద్దాం. ఇల్లు అమ్మేసైనా కట్టేద్దాం" అన్నాడు. అతనే అన్నాడు. చారులత మేడం ఫోన్ చేసి ఏడ్చింది, ఏడ్చి, "మీరేం చెప్పినా నేను మీ పక్కనే, నిర్ణయం మీదే, గురువారం అన్నది ఒక్కటే నా చేతిలో లేదు" అంది. అప్పుడు నేనేం అడిగాను? "వీడియో బాగా వచ్చిందా మేడం" అని అడిగాను. "చాలా బాగా వచ్చింది గోపికా." "అయితే పోనీండి" అన్నాను. హరి తలెత్తి చూశాడు. ఎందుకన్నానో ఆ తరవాత వంద కారణాలు చెప్పుకున్నాను, కట్టాల్సింది కట్టలేమని, మళ్ళీ ఎటూ అవుతుందిలే అని, తిరుమంగళంలో ఆ యాభై మందీ ఫోన్లో చూడాలని, ఇది కూడా నిజమే, బాగా నిజం. కానీ ఆ నిమిషంలో తోచింది ఒక్కటే, ఆ వీడియోలో నేను ఇంకా కడుపుతోనే ఉన్నాను, దాన్ని ఆపేస్తే ఇంకెక్కడా ఉండను. గురువారం వదిలారు. ఇరవై లక్షలమంది చూశారు. ఆ రోజు నుంచి హరిని నేను వదల్లేదు, నువ్వు మొగుడివేనా, గట్టిగా వద్దని ఎందుకు చెప్పలేదు, నా నోరు ఎందుకు మూయలేదు అని, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు, కారులో, అతను అన్నం కలుపుకునేటప్పుడు. ఒకరోజు అతను తినడం ఆపి "అవును, నేనే చేసినాను" అన్నాడు. అప్పటి నుంచీ అదే మాట. ఒప్పేసుకుంటే తిట్టడానికి ఏమీ మిగలదు, అది తెలిసే ఒప్పుకున్నాడేమో.

పొట్ట కొరియర్‌లో వచ్చింది. పెట్టెలో మూడు, ఐదో నెల, ఏడో నెల, తొమ్మిదో నెల, చల్లనీళ్ళతోనే కడగాలని కాగితం. తొమ్మిదోది పెట్టెలోనే ఉంది, దానితో పని పడదు, ఇవాళ్టితో ఒప్పందం అయిపోతుంది. చాట్ చూస్తున్నాను, పరిగెత్తుతోంది, ఈరోడ్ నుంచి జోతిమణి అనే అమ్మాయి వచ్చేసింది, ప్రతి లైవ్‌కీ వస్తుంది, ఆమెదీ నాదీ ఒకే నెలంట, రోజూ మెసేజ్ పెడుతుంది, అక్కా ఎడమ పక్కకు తిరిగితే తంతోంది మీకూనా, అక్కా మామిడికాయ వాసన పడడం లేదు మీకూనా. నాకూనే చెల్లీ, అని రాస్తాను. ఏ వారంలో ఏమవుతుందో వెతికి చూసుకుని రాస్తాను. ఒకసారి భయపడింది, నిన్నటి నుంచి కదల్లేదక్కా అని, నాకూ అట్లానే అయింది, ఏం కాదు, చల్లటి పాలు తాగి పడుకో అన్నాను. తరవాత మూడు గంటలు ఫోన్ ముందు కూర్చుని ఆమె నుంచి మాట వచ్చేదాకా చూశాను. కదిలిందంట. సంతోషపడ్డానా? పడలేదు. ఆమెది కూడా పోయి ఉంటే నాకు ఒక తోడు ఉండేది కదా అని తోచింది, తోచినదాన్ని తోసేయలేదు కూడా, కాసేపు అట్లానే ఉంచుకున్నాను.

"ఇప్పుడు మా అమ్మ మనవడిని పలకరిస్తుంది" అన్నాడు హరి, ఏజెన్సీవాళ్ళు రాసిచ్చిన కాగితంలో పదకొండున్నరకు ఆ పని ఉంది. అత్త నా ముందుకు జరిగింది. పొద్దున రాగానే కావిలించుకోబోతే డాక్టర్ వద్దన్నారని తప్పించాను, ఇన్నాళ్ళు ఊరికి వెళ్ళకుండా ఉండడానికి కూడా ఆ డాక్టర్ సాకే చెప్పాను. చెయ్యి పెట్టింది. ఊళ్ళో ఎంతోమంది కడుపులు తడిమిన చెయ్యి, ఇద్దరిని కన్న ఒళ్ళు. ముందు మొహంలో వెలుగు అట్లానే ఉంది, తరవాత అరచెయ్యి ఒకసారి నొక్కింది, ఒకసారి పక్కకు జరిపింది, ఆగింది. నవ్వు పోలేదు, నవ్వు కింద ఏదో పోయింది. మన తెలుగులో, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"ఏమి అమ్మణి, ఇంత చల్లగా ఉండాది?"

ఏసీ అత్తా, అనొచ్చు. పట్టుచీర మడతలు, అనొచ్చు. నాలుగు నెలలుగా ఇట్లాంటి ప్రశ్నకు జవాబులు నాలుక కిందనే పెట్టుకుని తిరుగుతున్నాను. లైవ్ అయినాక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని చెప్పొచ్చు, అట్లా చెప్పాలనే హరీ నేనూ అనుకున్నది. కానీ ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది, మూడు లైట్ల వెలుతురులో, లక్షమంది ముందర, ఏడవడానికి వీల్లేని చోట. నేను ఆమె చెంప మీద చెయ్యి వేశాను, చూసేవాళ్ళకి ముద్దుగా ఉండేలా, నవ్వాను, మైకుకు అందనంత మెల్లగా తెలుగులోనే చెప్పాను.

"లోపల ఏమీ లేదత్తా. పోయి నాలుగు నెలలాయె. ఇది రబ్బరు. నవ్వండి, అందరూ చూస్తా ఉండారు."

చెప్పేశాను. చెప్పగానే ఒంట్లో ఎక్కడో ముడి వదిలినట్టయింది, తియ్యగా, పాపం అనుకోలేనంత తియ్యగా, ఇదిగో ఇప్పుడు నువ్వు పట్టుకో గాజు, ఏం చేయాలో తెలీక నువ్వు నిలబడు, అనిపించింది. అత్త పడిపోతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను, అరవాలని కూడా కోరుకున్నానేమో, అరిస్తే అంతా ఒక్కసారిగా అయిపోయేది. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"హరీ, నిజమా?"

"నిజమేమ్మా. తరవాత మాట్లాడదాం" అన్నాడు హరి. అతని బొటనవేలు ఆగలేదు, ఆటలో చెరకు కోస్తూనే ఉంది, మొహం కెమెరాకే, చాట్ అంతా ఒకటే ప్రశ్న, పాటీ ఏమంటోంది అన్నా. "మనవడా మనవరాలా అని అడగతా ఉంది అమ్మ, నేనేం చెప్పేది" అన్నాడు వాళ్ళతో అరవంలో, నవ్వాడు. నేను పెళ్ళి చేసుకున్న మనిషి ఇంత బాగా చేస్తాడని నాకు అప్పటిదాకా తెలీదు. హృదయాలు రాలాయి, కుప్పలు కుప్పలుగా.

అత్త పళ్ళెంలోంచి ఇంకో గాజు తీసింది. నూనె మరిచిపోయింది. పొడి చేతికి పొడి గాజు, వేళ్ళ కణుపుల మీద నొక్కి నొక్కి ఎక్కిస్తోంది, కోపమో ఏమో, నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు, అక్క ఏడుస్తోంది, సంతోషం, అని రాశారు కింద. గాజుకు ఒక మాట చొప్పున అడిగింది, పెదాలు నవ్వుతుండగానే. "ఎవరికి తెలుసు?" ఏజెన్సీ మేడంకు తప్ప ఎవరికీ తెలీదత్తా. "పొద్దున ఇంట్లో మీ మామకు ఫోన్లో లైవ్ పెట్టుకొని చూడమని చెప్పి వస్తినే." ఇంకో గాజు. "ఊరంతా పిలిచి చెప్తినే. మారియమ్మ గుళ్ళో తొట్టిల కట్టి వస్తినే." ఇంకోటి. "నువ్వు ఒక్కదానివేనా ఆస్పత్రిలో?" హరి ఉన్నాడత్తా. ఈ ప్రశ్న ఎందుకడిగింది, అడగకుండా ఉండాల్సింది, అడిగినదాంతో ఆ తియ్యదనం అంతా నోట్లోనే చేదెక్కింది, ఆ పొద్దు ఈ మనిషిని పిలిచి ఉంటే మొదటి బస్సుకు ఇట్లానే వచ్చేది, ఇట్లానే రెండు చేతులా సంచులతో, ఆ వార్డులో నా తలకు నూనె రాసేది. పిలవలేదు. ఇప్పుడు పిలిచాం.

పావుతక్కువ పన్నెండుకు పేరు. నెలరోజులుగా చూసేవాళ్ళు ఓట్లు వేస్తున్నారు, ఆటలో పుట్టే బిడ్డకూ ఇంట్లో పుట్టే బిడ్డకూ ఒకటే పేరు, సింగపూర్‌వాళ్ళకి బాగా నచ్చిన ఆలోచన. హరి ఫోన్ తెర తిప్పి చూపించాడు. యాళిని. మంచి పేరే. ఆటలో ఊయల ఊగింది, కాగితం ముక్కల్లాంటి రంగులు రాలాయి. "ఇంక మా అమ్మ ఆ పేరు కడుపు దగ్గర మూడుసార్లు పిలుస్తుంది" అన్నాడు, అది కాగితంలో ఉందని చదివేశాడు, చదవకుండా దాటేసి ఉండొచ్చు, దాటలేదు. వద్దులే మామా, అత్త అలిసిపోయింది, అని నేను అనొచ్చు. అనలేదు. అత్త మా ఇద్దరినీ చూసింది, ఒకరి తరవాత ఒకరిని, చెంగు సర్దుకుని కిందికి వంగింది. రబ్బరుకు నోరు దగ్గరగా పెట్టింది. "యాళినీ" అంది. తల్లి పాలకు ఏడ్చే బిడ్డను బుజ్జగించే గొంతు. "యాళినీ." రెండోసారి ఆమె ఊపిరి రబ్బరు మీద పడి, దాని అంచు దాటి, నా అసలు ఒంటికి తగిలింది, వెచ్చగా. మూడోసారి పిలవడానికి చాలాసేపు పట్టింది. "యాళినీ కణ్ణూ" అంది, లేచింది, నా నెత్తి మీద అక్షతలు వేసింది.

పన్నెండుకు ఎర్ర చుక్క ఆరింది. మూడు లైట్లూ హరే ఆర్పాడు, ఆర్పి బల్ల మీద తల పెట్టేశాడు. చారులత మేడం మెసేజ్ వెంటనే, ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే పెద్దదంట, సింగపూర్‌లో అందరూ కళ్ళు తుడుచుకున్నారంట. నేను నడుం వెనక పట్టీ ఊడదీసి పొట్టను సోఫా మీద పెట్టాను, అత్త దానివైపు చూడలేదు. వంటగదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. వచ్చి డబ్బాలు సర్దుకోసాగింది, పులిహోర, నిమ్మకాయ అన్నం, పెరుగన్నం, ఎవరూ ముట్టలేదు, అన్నిటికీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో నొక్కి చూసింది. ఏడుస్తుందేమో, కొడుకును కొడుతుందేమో అని నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను.

"ఊళ్ళో ఏమని చెప్పేది హరీ?" అంది.

హరి తలెత్తలేదు. "మీరేం చెప్పొద్దమ్మా. శుక్రవారం మేమే వీడియో పెడతాము. బిడ్డ పోయిందని. ఏజెన్సీవాళ్ళే రాసి ఇచ్చినారు."

ఆమె సంచి పిడి ముడి వేసింది. విప్పి మళ్ళీ వేసింది. అప్పుడు నావైపు తిరిగి, కోపం లేకుండా, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది.

"దానికీ నేను రావాల్నా?"

హరి నన్నే చూస్తున్నాడు. ఆస్పత్రి నేల మీది నుంచి తలెత్తి చూసిన చూపే అది, ఈసారైనా వేరే మాట వస్తుందేమో అని.

"రండి అత్తా" అన్నాను. "మీరుంటేనే నమ్ముతారు."